రెప్పపాటు లెక్క

పాత టౌనులోని ఆ సేవాకేంద్రం కిటికీలు తెరిచి ఉండగా నేనంతకు ముందెన్నడూ చూడలేదు. పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి కంప్యూటర్ల మీద పడుతుందని యజమాని వాటిని బిగించి ఉంచేవాడు. మనుషుల ఊపిరితిత్తుల మీద అతనికి అంత శ్రద్ధ లేదు.

మా అక్క కుటుంబ పింఛను ఆగకుండా ఉండాలంటే, తాను బతికే ఉన్నట్టు ఏటా కెమెరా ముందు కళ్ళార్పి చూపాలి. గడువు మర్నాటితో సరి. అక్క ఆర్పింది. నిర్ధారణ కాలేదని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ ఆర్పింది. మళ్ళీ అవే.

"గట్టిగా ఆర్పండి మామ్మగారూ," అన్నాడు యజమాని.

"ఇంకెంత గట్టిగా నాయనా? నాను బతికే ఉన్నానని నీ డబ్బాకి నువ్వే సెప్పు."

"కెమెరా కొత్తదండీ. సెకనుకి ముప్పై ఫ్రేములు. మీ కళ్ళల్లోనే ఏదో ఉంది. డాక్టరుకి సూపించుకుని రండి."

ఆ ముప్పై అతనికి ఎక్కడిది? పెట్టె మీద అచ్చయి ఉంది, అంతే. ఉక్కు కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో నా ఉద్యోగమంతా గడిచింది. అచ్చువేసిన అంకెను కొలతగా అప్పజెప్పేవాణ్ణి అక్కడ మేము మనిషి కింద జమకట్టేవాళ్ళం కాదు.

కెమెరా తీగను నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను.

"పాడైతే ఎవరిది పూచీ పెద్దాయనా?"

"పాడవడానికి అందులో బాగున్నదేమిటో ముందు చూద్దాం."

నేను రాసుకున్న ప్రోగ్రాము పట్టుమని పదిహేను వరసలు లేదు. నీ వేగమెంత అని అడిగితే కెమెరా కూడా ముప్పై అనే చెప్పింది. యజమానికి తగ్గ కెమెరా. అడగడం మాని, పది సెకన్లలో నిజంగా వచ్చిన ఫ్రేములను లెక్కించి పదితో భాగించాను. సెకనుకు నాలుగు. కిటికీలు మూసిన ఆ చీకట్లో కెమెరా ఒక్కొక్క బొమ్మకు వెలుతురు పోగుచేసుకుంటూ కూర్చుంటుంది. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమే అక్క రెప్ప వాలి, లేచిపోతోంది.

కిటికీ తెరిచి మళ్ళీ లెక్కించాను. ఇరవై ఎనిమిది. కెమెరాను అతని కంప్యూటరుకు తిరిగి తగిలించాక అక్క ఒక్కసారి ఆర్పింది. పచ్చ అక్షరాలు వచ్చాయి.

"పోన్లే, ఈ ఏడాదికి బతికాను," అంది.

రెండు కొలతలనూ, వాటికి కారణాన్నీ కాగితం మీద రాసి, సంతకం చేసి యజమాని చేతిలో పెట్టాను. అతను చదవలేదు. ఆ కాగితంతోనే కిటికీ గట్టు మీది నల్లపొడి తుడిచి, రెక్క బిగించి, తరువాతి మనిషిని పిలిచాడు.

మేము మెట్లు దిగుతుండగా లోపలి నుంచి వినిపించింది. "గట్టిగా ఆర్పండి తాతగారూ."

అక్క ఆగింది.

"ఏటి సూత్తన్నావ్? ఎల్లి ఆ కిటికీ తియ్యరా."