నా ఏడు సూచనలు, సర్దార్ కాక మీసం

వార్తకు శీర్షిక పెట్టడం వస్తే చాలు, లోకంలో దేన్నయినా రాసేయొచ్చని నమ్మిన వయసు ఒకటి నాకూ ఉండేది. అప్పుడు గోదావరిఖనిలో అక్కాబావల క్వార్టర్‌లో ఉంటూ, ఒక పత్రిక జిల్లా డెస్కులో కొత్తగా చేరాను. మా డెస్కు పెద్దాయన మొదటి రోజే నాకొక సూత్రం చెప్పాడు: "పాఠకుడికి తెలిసిన సంగతి మళ్లీ చెప్పకు, తీసెయ్." ఆ సూత్రాన్ని నేనెంత శ్రద్ధగా పాటించానంటే, ఒక సంతాపసభ వార్తలో చనిపోయిందెవరో కూడా తీసేశాను. (ఊరందరికీ తెలిసిన సంగతే కదా అని.) మర్నాడు పెద్దాయన ఏమన్నాడో ఇక్కడ రాయను. అది పాఠకులు ఊహించగలిగిందే.

మా బావ బొగ్గుబాయిలో టింబర్‌మన్. అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పొద్దంతా దుంగలతో గడిపిన మనిషి ఇంటికొచ్చాక చెక్క మొఖం చూడడనుకుంటాం గానీ, ఆయన తీరు వేరు. అక్క పాత కుట్టుమిషను మూలన పడి ఉంటే, దాని తొక్కుడు పలకకు ఏవో కడ్డీలూ సైకిల్ ట్యూబు ముక్కలూ తగిలించి, సూది ఉండాల్సిన చోట దారమంత సన్నటి రంపపు బ్లేడు బిగించాడు. కాలితో తొక్కుతుంటే బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది, చెక్కను దాని కింద తిప్పుకుంటూ పోతే ఎంత వంకర గీతైనా తెగుతుంది. దీన్ని స్క్రోల్ సా అంటారని నేను నా ఇంగ్లిషు ప్రకటించుకుంటే, "ఏ సా అయితేంది, కుట్టుడు మిషన్‌ను కోసుడు మిషన్ చేసిండు మీ బావ" అంది అక్క. ఆ తర్వాత ఆమె జాకెట్లన్నీ బజారులో కుట్టించుకోవాల్సి వచ్చింది. ఆ మాట మాత్రం మా ఇంట్లో అందరికీ తెలిసినా ఆమె రోజూ చెప్పేది.

ఆ నెలాఖరున బావ షిఫ్టు సర్దార్ కాక రిటైరై దిగిపోతున్నాడు. సర్దార్ అంటే గనిలో ఆ షిఫ్టుకు పని పంచి, పైకప్పు తట్టి చూసి, మనుషులను కాచే ఉద్యోగం. కాకకు రెండు సంగతుల్లో పేరు. ఒకటి ఆయన మీసం. రెండోది ఆయన ప్రశ్న. ఏ పని చెప్పినా చెప్పడం అయిపోగానే ఒక కనుబొమ పైకెత్తి, "ఏం చెప్పిన?" అనేవాడు. ఎదుటి మనిషి ఆ మాటను మళ్లీ మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే కదలనిచ్చేవాడు కాదు. ఇరవయ్యేళ్లు సర్వీసున్న వాళ్లను కూడా బడిపిల్లల్లా నిలబెడుతున్నాడని వెనకాల తిట్టుకునేవారు. ఒకరోజు బావ దుంగ నిలబెడుతుంటే కాక "బయటికి!" అన్నాడు. ఎందుకని అడగకుండా బావ దూకాడు. మరుక్షణం ఆయన నిలబడ్డ చోట పైకప్పు పడింది. "నేను బయటికి అంటే ఏం చేస్తవ్?" అని కాక బావతో ఎన్నిసార్లు చెప్పించి ఉంటాడో లెక్కలేదు. ఆ లెక్కలేని సార్లకు బదులుగా ఒక్కటంటే ఒక్క బహుమతి తన చేతులతో చేసివ్వాలని బావ పట్టుదల.

కాక మొఖాన్నే చెక్కలో కోసి ఇద్దామన్నది నా ఆలోచన. (మంచి ఆలోచన. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.) కాక పాస్‌పోర్టు ఫొటోను మా ఆఫీసు కంప్యూటర్‌లో వేసి, నడిమి ఛాయలు లేకుండా నలుపూ తెలుపూ మాత్రమే మిగిలేట్టు చేయించాను. జుట్టు, కనుబొమలు, కళ్లు, ముక్కు పక్క నీడ, మీసం నలుపు. మిగతా మొఖమంతా తెలుపు. కాగితాన్ని ప్లైవుడ్ మీద అంటించి గీతల వెంట కోయడమే. ఎలా కోయాలో చెప్పే ఇంగ్లిషు పుస్తకం ఒకటి పాతపుస్తకాల బండి మీద దొరికింది. దాన్ని నేను తెలుగులోకి దించి, ఏడు సూచనలుగా కుదించి, నంబర్లు వేసి, చక్కటి దస్తూరిలో రాశాను. ఆ పుస్తకంలో ఒక వాక్యం ఉంది: నల్లగా ఉన్నదంతా కోసి తీసేయాలి, తెల్లగా ఉన్నది మిగలాలి, పడ్డ కంతలే కళ్లూ మీసమూ అవుతాయి అని. చదివి నవ్వుకున్నాను. మొఖం కావాలంటే మొఖం మిగలాలని ఎవరికి తెలియదు! నా పెన్ను ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో ఐదో సూచనగా "అనవసర భాగములను ఓపికతో తొలగించవలెను" అని రాసింది. రాసి, ఆ 'ఓపికతో' అన్న మాటకు తనలో తానే మురిసిపోయింది. కాగితం బావ చేతిలో పెట్టి "అర్థమైందా బావా?" అన్నాను. "ఐంది తియ్యి బామ్మర్దీ, గింత మంచిగ రాసినంక అర్థం గాకుంటదా" అన్నాడు బావ. ఆ మెచ్చుకోలుతో నేను వారం పాటు ఆఫీసు పనిలో పడి మిషను వైపు చూడలేదు.

సన్మానం రోజు పొద్దున బావ తన టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, మూత తీశాడు. లోపల నల్ల రంగు వేసి నున్నగా రుద్దిన చెక్క ముక్కలున్నాయి. ఒక మీసం, రెండు కనుబొమలు, రెండు కళ్లు, ఇంకేవో వంకర ముక్కలు. అంత సున్నితమైన పనితనం నేను మళ్లీ చూడలేదు. మీసం కొసలు సూదుల్లా ఉన్నాయి.

"మొఖమేది బావా?"

"గిదే మొఖం."

"ఇది మీసం. మొఖం ఏది?"

"నువ్వే రాసినవ్ గదా, అనవసరమైంది తొలగించుమని. తెల్లదంతా తీసేసిన. ఓపికతోనే తీసిన. మూడు బ్లేడ్లు ఇరిగినయ్."

"తీసేసిన చెక్క ఎక్కడుంది?"

బావ వంటింటి వైపు చూశాడు. అక్క బొగ్గుపొయ్యి మీంచి చాయ్ దించుతూ, "ఆ ముక్కలా? పొయ్యి రాజెయ్యనీకి మంచిగున్నయ్" అంది. కాక మొఖం మా పొద్దుటి చాయ్‌కి ఖర్చయిందన్నమాట. నేను తల పట్టుకుని, నలుపు తీసేయాలి, తెలుపు ఉంచాలి అని అప్పుడు చెప్పాను. బావ నా వంక జాలిగా చూశాడు. "బొగ్గు తీసి పారేసి రాయి ఇంటికి తెచ్చుకునేటోడు ఎవడన్న ఉంటడా బామ్మర్దీ?"

ఏడుపొక్కటే తక్కువైంది. నాకు కాదు, బావకు. ఇంకో ప్లైవుడ్ లేదు, బ్లేడు లేదు, సాయంత్రానికి షామియానా. ఆయన డబ్బా మూసి, మళ్లీ తెరిచి, మీసాన్ని వేలితో నిమిరి, "ఒక్కటన్న సక్కగ ఇద్దామంటే గిట్లాయె" అన్నాడు. నేను గోడ వైపు చూశాను. చివరికి అక్కే, పప్పు డబ్బాలు దించి, అలమారా నుంచి తెల్ల సన్‌మైకా పలక ఒకటి ఊడబీకి మా ముందు పడేసింది. "మొఖం తెల్లగనే ఉంటది గదా, గిదే మొఖం అనుకోర్రి. దీని మీద మీసం అతికియ్యిర్రి. ఇద్దరికిద్దరు సదువుకున్నోళ్లు!" (బావ ఏడో తరగతి. ఆ మాటలో ఆయన వాటా తక్కువే.) ఫొటో ముందు పెట్టుకుని ఒక్కొక్క ముక్కా ఫెవికాల్‌తో అతికించాం. ఏ కనుబొమ ఏ వైపుదన్న దాని మీద కొంత వాదన జరిగింది. వాదనలో నేను గెలిచాను కాబట్టి ఎడమ కనుబొమ తలకిందులై, పైకి లేచినట్టే అతుక్కుపోయింది.

షామియానా కింద కాక పూలదండల్లోంచి చేతులు బయటికి తీసి, కాగితం విప్పి, పలకను చాచి పట్టుకుని చూశాడు. ముందు వరుసలో నవ్వు లేదు, చప్పట్లు లేవు. బావ శాలువా కొస నలుపుతున్నాడు (శాలువా కాకది). అంతలో వెనక నుంచి ఎవరో, "అరే, గిదేనే! షిఫ్టు మొదట్ల రోజు సూసే మొఖం గిదే! ఏం చెప్పిన అంటున్నది సూడు!" అని అరిచారు. షామియానా ఊగింది. నిజంగానే ఆ లేచిన కనుబొమ కింద కాక మమ్మల్నందరినీ నిలదీస్తున్నాడు. నవ్వులు తగ్గాక కాక "ఎవలు చేసింది?" అని అడిగాడు. బావ నిజాయితీపరుడు. నేరాన్ని ఒక్కడే మోసే రకం కాదు. జేబులోంచి నా ఏడు సూచనలు తీసి, "చేసింది నేనే కాకా, రాసిచ్చింది మా బామ్మర్ది" అన్నాడు. కథంతా చెప్పాడు, పొయ్యితో సహా.

కాక కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చదివాడు. ఐదో సూచన దగ్గర వేలు ఆగింది. "అనవసర భాగములు అంటే ఏంది బిడ్డా?"

"నలుపు, కాకా" అన్నాను.

ఆ మాట అనకూడని చోటు భూమ్మీద ఒకటుంటే అది అదే. చుట్టూ మూడు షిఫ్టుల బొగ్గు మనుషులు. "నలుపు అనవసరమట!" అన్నారొకరు. "మరి మనం ఇన్నొద్దులు పైకి పంపింది ఏందే?" అన్నారింకొకరు. కాక చెయ్యెత్తి వాళ్లను ఆపి, బావను అడిగాడు.

"నల్లది మనదని నీకెవలు చెప్పిన్రు?"

"నువ్వే గద కాకా. కొత్తల బొగ్గు నింపేటప్పుడు, నల్లది మనది, తెల్లది కనవడితే ఏరి పారెయ్ అంటివి. రోజు అప్పజెప్పిస్తివి."

"అయితే ఆయన తప్పేం లేదు" అన్నాడు కాక నాతో. "రాసిచ్చినంక ఏం చెప్పిన అని అడిగినవా?"

"అర్థమైందా అని అడిగాను కాకా."

"అర్థం గాలేదని ఎవలంటరు బిడ్డా? నేను అర్థమైందా అని అడిగితే బాయిల అందరు ఐందనే అంటరు. పైకప్పు గూడ అంటది." అని, నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత బావను దగ్గరికి లాక్కుని, దండలన్నీ నలిగేట్టు పట్టుకున్నాడు. బావ మొఖం నాకు కనబడలేదు.

ఇది జరిగి చాలా ఏళ్లు. ఇప్పుడు డెస్కులో నేనే పెద్దాయనని. కొత్తగా చేరిన వాళ్లకు పని చెప్పి, "అర్థమైందా?" అని నోటిదాకా వచ్చిన మాటను మింగి, "నేనేం చెప్పాను?" అని అడుగుతుంటాను. వాళ్లు నా వెనకాల ఏమనుకుంటారో నాకు తెలుసు. కాక పోయాడు. మొన్న మంథని వైపు వెళ్లినప్పుడు వాళ్లింట్లో ఆగాను. కాక భార్య, చిన్నమ్మ, ఇంటికి సున్నం వేయిస్తోంది. గోడలకున్నవన్నీ దించి అరుగు మీద పెట్టారు. వాటిలో సన్‌మైకా పలక ఉంది, మీసం ఒక్క కొస కూడా ఊడలేదు. తిప్పి చూస్తే వెనకాల నా ఏడు సూచనలు, పసుపు పచ్చబారి, నాలుగు మడతల గీతలతో అతికించి ఉన్నాయి. నా చక్కటి దస్తూరి కింద పెన్సిల్‌తో, పెద్ద పెద్ద వంకర అక్షరాల్లో ఎనిమిదోది ఉంది.

"8. నల్లది తీసెయ్యాలె. తెల్లది ఉంచాలె. ఏం చెప్పిన?"

చుట్టూ ఎవరూ లేరు. పలకను మళ్లీ ఇటు తిప్పి, ఆ లేచిన కనుబొమ ముందు నిలబడి, "నల్లది తీసెయ్యాలె కాకా. తెల్లది ఉంచాలె" అన్నాను పైకే.

"ఏందో అంటున్నవ్ బిడ్డా?" అంది లోపలి నుంచి చిన్నమ్మ.

"కాక చెప్పింది మళ్లీ చెప్తున్న చిన్నమ్మా."

"గిన్నేండ్లకా అప్పజెప్పుడు?" అంది చిన్నమ్మ.