నక్షత్రానికి ఏకాహం పెట్టిన వైనం

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. అహోబిలం నరసింహస్వామి నన్ను కనిపెట్టుకుని ఉన్నాడన్నది ఒకటి, నా పరిశోధన కోసం లోకం ఎదురుచూస్తోందన్నది రెండోది. మొదటిది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేను పరిశోధించేది ఒక జంట నక్షత్రాన్ని. ఉబ్బిపోయిన ఎర్ర నక్షత్రం ఒకటి, పక్కనే మహా వేడిగల చిన్న తెల్ల నక్షత్రం. పెద్దది వదిలే వాయువును చిన్నది మింగుతూ, మింగుతూ, ఎప్పుడో భగ్గుమంటుంది. ఆ మంట లోగుట్టు అతినీలలోహిత కాంతిలో, ఎక్స్ కిరణాల్లో తెలుస్తుంది. వాటిని మన గాలి నేలదాకా రానివ్వదు కాబట్టి ఉపగ్రహం నడిపేవాళ్లకు దరఖాస్తు పెట్టుకోవాలి. నా డాక్టరేటు మొత్తం ఆ మంట మీదే ఆధారపడి ఉంది. మూడేళ్లుగా అది భగ్గుమనలేదు.

ఆళ్లగడ్డలో మా భజన గోష్ఠి ఏకాహం పెట్టిందని సెలవు పెట్టి వచ్చాను. ఏకాహమంటే ఒక పొద్దున మొదలైన నామం మరునాటి పొద్దుదాకా తెగకూడదు. తర్వాతి వంతువాడు వచ్చి గొంతు కలిపేదాకా కూర్చున్నవాడు లేవకూడదు. మధ్యాహ్నం వంతు నాదీ, తాళాల తాతదీ. (గోష్ఠి పెద్ద; తాళాలు ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు.) మూడు గంటలకు ఒళ్లో ఫోను వణికింది. నా పరిశోధనకు గురువైన మేడమ్ సందేశం: "నక్షత్రం భగ్గుమంది. వెంటనే దరఖాస్తు పంపు. మొదటి రోజులే ముఖ్యం."

లేవబోయాను. తాత తాళం ఆపకుండా, అదే రాగంలో, "యాడికి పోతాండావప్పా, కూర్చో" అని పాడాడు. నేనూ అదే రాగంలో "నక్షత్రం పేలింది తాతా" అన్నాను. "పేలితే పేలనీ, మీ చిన్నాయన రానీ" అని ఆయన చరణం ముగించాడు. (స్వామి క్షమించే ఉంటాడు. రాగం మాత్రం తప్పలేదు.)

తర్వాతి వంతు చిన్నాయనది. ఆయన బస్సు ఇంకా శిరివెళ్ల దాటలేదు. ఇక చేసేదిలేక, పాడుతూనే ఒంటిచేత్తో ఫోనులో దరఖాస్తు నింపాను. ఎంతసేపు చూడాలన్నచోట ఇరవై నాలుగు గంటలు అని రాశాను. ప్రత్యేక సూచనలన్నచోట, మధ్యలో క్షణమైనా ఆగరాదు అని రాశాను. పంపించి, కళ్లు మూసుకుని, గొంతు పెంచాను. తాత నా భక్తికి మురిసిపోయాడు.

మరునాడు ఏకాహం ముగిసి, అరిటాకులో పులిహోర పెట్టించుకుంటుండగా మేడమ్ ఫోను చేసింది.

"ఏం రాశావయ్యా నువ్వు? ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టివస్తుంది. చాలాసేపు నక్షత్రానికి భూమే అడ్డం. ఆపకుండా చూడాలంటే భూమిని పక్కకు జరపాలట, ప్రస్తుతానికి ఆ వీలు లేదట. కొట్టేశారు."

అది నేను పరీక్ష రాసి ప్యాసైన విషయమే. చిన్నాయన నా మొహం చూసి కంగారుపడ్డాడు.

"ఏందిరా, ఏమాయె?"

"భూమి అడ్డమొచ్చింది చిన్నాయనా."

"యాడ, మన దొర్నిపాడు చేన్లోనా? సర్వేయరు మనోడే, నేను మాట్లాడతాలే."

భజన మందిరం మెట్ల మీద కూర్చుని, రోజుకు కాస్త కాస్త చూసినా మహాభాగ్యమని వినయంగా మళ్లీ రాశాను. ఒప్పుకున్నారు. ఉపగ్రహం అటు తిరిగేసరికి మూడో రోజు. అతినీలలోహిత వెలుగు ఎలా పెరిగిందో మేం చూడనేలేదు. ఎలా తగ్గిందో మాత్రం వారాల తరబడి మహా శ్రద్ధగా కొలిచాం.

డాక్టరేటు వచ్చింది. నా పరిశోధన గ్రంథంలో గ్రాఫు మొదట్లో మాత్రం రెండు రోజులు ఖాళీ. ఇప్పుడు నా విద్యార్థులు దాన్ని చూపించి ఎందుకని అడిగితే, అనివార్య కారణాలంటాను. (ఆ వారం అహోబిలంలో రెండు ప్రదక్షిణలు ఎక్కువ చేస్తాను.) ఆ ఖాళీలో నాకొక్కడికే ఒక కుర్రవాడు కనిపిస్తాడు. ఉపగ్రహానికి ఆజ్ఞ జారీచేసి, మిగతాది స్వామి చూసుకుంటాడని కళ్లు మూసుకుని పాడుతుంటాడు. స్వామి చూసుకున్నాడు. కాకపోతే, మూడో రోజు నుంచి.