మడి వంటిల్లు, మా పాప నడక

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కొత్తగా నడక వచ్చిన పిల్ల పొద్దే కాదు, గడపా ఎరగదు, మడీ ఎరగదు. ఈ సంగతి నాకు తెలిసివచ్చింది తిరుపతిలో ఒక వైష్ణవుల ఇంట్లో అద్దెకున్నప్పుడు.

పాతకాలం ఇల్లు. మధ్యన ఆకాశం కనిపించే వాకిలి, అందులో ఒక కుళాయి, రాతి తొట్టి. తొట్టికి ఇటు మా రెండు గదులు, అటు ఇంటి అమ్మగారి వంటిల్లు. ఆమెకు అరవై దాటి ఉంటాయి. పెళ్ళికాని కొడుకొక్కడే. అతను గుళ్ళో కైంకర్యానికి తెల్లవారకముందే వెళ్ళేవాడు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, తెల్లవారుజామున పోతే మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. నాది ఆ వీధి చివర బడిలో టీచరు పని, మధ్యాహ్నం షిఫ్టు. నేను బడికి పోయాక ఆయన ఇంటికి చేరేదాకా పాపను చూసుకునేది ఆ అమ్మగారే. అప్పటికి ఆమె వంట, దేవుడికి ఆరగింపు, భోజనం అన్నీ అయిపోయేవి. మడిచీర తీసేసి మామూలు చీర కట్టుకుంటే ఆమె వేరే మనిషి. పాపను భుజాన వేసుకుని వీధంతా తిప్పేది.

పాపకు నడక వచ్చింది కార్తీకం వెళ్ళిపోయే రోజుల్లో. చేయి పట్టుకుంటే విదిలించుకునేది. పడితే వెంటనే ఏడ్చేది కాదు. ఎవరైనా చూశారా అని నాలుగు పక్కలా చూసుకుని, చూసి ఉంటే అప్పుడు రాగం ఎత్తేది, చూడకపోతే లేచి తన దారిన తను పోయేది. నా చెప్పు ఒకటి గుమ్మంలో ఉంటే రెండోది తొట్టిలో తేలేది. చింతపండు డబ్బాలో దువ్వెన, బియ్యంలో సబ్బు. అన్నం తినిపించాలంటే గిన్నె పట్టుకుని దాని వెనకాల ఇల్లంతా ప్రదక్షిణాలు చేయాల్సిందే. మా ఆయన నవ్వేవాడు. "దీనికి బ్రేకులు బిగించడం మర్సిపోయి పంపించినాడే ఆ పైవాడు" అనేవాడు. ఆయనకేం, డిపోలో బళ్ళు చెప్పిన చోట ఆగుతాయి.

అది పొద్దున లేవగానే చేసే మొదటి పని వాకిలి దాటి అమ్మగారి వంటింటికి నడవడం. అక్కడ నెయ్యి వాసన, పొయ్యి వెచ్చన, ఎత్తుకుని తిప్పే అవ్వ. ఇంకేం కావాలి? ఒకరోజు నేను పాలు కాస్తున్నాను. "అయ్యయ్యో, ముట్టేసిందే! టీచరమ్మా, బిడ్డను పట్టుకో!" అని కేక. పరుగెత్తి చూస్తే మా పిల్ల ఆమె తడిచీరను రెండు చేతులా కావలించుకుని, మోకాళ్ళకు ముఖం ఆనించి నవ్వుతోంది. ఆమె చేతుల్లో ఎసట్లో పోయాల్సిన బియ్యం. పాపం, ఆ చలిలో మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుని, చీర తడిపి కట్టుకుని, వంట మొదటినుంచి మొదలుపెట్టింది. నేను నొచ్చుకున్నాను. మర్నాడు తలుపు గడియ పెట్టాను. గడియ పెట్టిన ఇంట్లో నడక కొత్తగా వచ్చిన పిల్లను ఎంతసేపు ఉంచగలరు? పాలవాడు పిలిచాడని తలుపు తీశానో లేదో, నా కాళ్ళ సందునుంచి దూరి పోయింది. మళ్ళీ కేక, మళ్ళీ స్నానం. ఆ వారమంతా అదే పాట.

ఆ ఆదివారం కొడుకు వచ్చి మా ఆయనతో మెత్తగానే చెప్పాడు. "ఏమీ అనుకోవద్దప్పా. ధనుర్మాసం వస్తా ఉంది. తెల్లారేలోపల పొంగలి ఆరగింపు అయిపోవాల. రోజూ ఇట్లయితే మాకు కుదరదు. వేరే ఇల్లు చూసుకోండి."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి చంకలో పిల్లనేసుకుని తిరుపతిలో అద్దె ఇల్లు కూడా వెతికి ఉంటే సామెతలో మూడోది చేర్చేవాడు. ఎక్కడికి పోయినా ముందు నా చంక వైపు చూసేవాళ్ళు. "నడస్తాదా? ఓయమ్మా, గోడలన్నీ గీకేస్తాదే" అనేవాళ్ళు. బడికి దగ్గరలో ఒక్క ఇల్లూ దొరకలేదు. దూరంగా దొరికినా, నేను బడికి పోయాక ఆయన వచ్చేదాకా పిల్లనెవరు చూస్తారు? ఆ ఇల్లు పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. ఉద్యోగం మానుకోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

నాకు నోరు పెద్దదని మా అమ్మే అంటుంది. ఆ నోరుందనే ధైర్యంతోనే మధ్యాహ్నం ఆమె మడి విప్పి కూర్చున్నప్పుడు నేరుగా పోయి అడిగాను. "అమ్మగారూ, ఏం చేయమంటారు? పలుపుతాడుతో కట్టేయమంటారా బిడ్డను?"

ఆమె పాప పాదాలను అరచేతిలో పెట్టుకుంది. "బిడ్డకేం మైల ఉందమ్మా? మైలంతా బట్టకే. బట్ట ఇప్పేసి పంపు. పుట్టినప్పుడున్నట్టు వస్తే నా ఒళ్ళో కూర్చోబెట్టుకోని వండుతాను. మా ఇండ్లల్లో పసిబిడ్డల్ని అట్లే చేస్తాము" అంది. కొడుక్కి ఆమే నచ్చజెప్పింది. ఇల్లు నిలబడింది.

నేను గెలిచానని ఎగిరి గంతేశాను. గెలిచినట్టే మరి! ధనుర్మాసం చలిలో తెల్లారకముందే గౌను నాడాలు విప్పి వదిలితే, మొలతాడు తప్ప ఏమీ లేకుండా మా పిల్ల వాకిలి దాటి తూగుతూ పోయేది. అమ్మగారు పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టేది. తన చేతులు సెగకు కాచుకుని దాని వీపు రాసేది. ఆరగింపు కాగానే వేలితో పొంగలి తీసి దాని నోట్లో పెట్టేది. నేను ఆ వేళకు నా వంటంతా ముగించుకునేదాన్ని. బట్టకున్న మైల బిడ్డకు లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. నా పని జరుగుతోంది, నా బిడ్డ కడుపు నిండుతోంది, చాలు.

కొన్నాళ్ళకు పాప ఒక కొత్త విద్య నేర్చింది. అమ్మగారి గడప దాకా పోయి, అక్కడ ఆగి, నా వైపు వీపు తిప్పి, రెండు చేతులూ పైకెత్తి నిలబడేది. నాడాలు విప్పమని! మాట రాని పిల్లకు ఎంత తెలివి! పగలబడి నవ్వాను. మా ఆయనకు సెలవు దొరికిన రోజు పిలిచి చూపించాను. ఆయనా నవ్వాడు. బడిలో తోటి టీచర్లకు అభినయించి మరీ చెప్పాను.

అప్పుడు చంద్రగిరి దాటాక ఉండే మా పల్లెనుంచి అమ్మ వచ్చింది. అడుగులకు అరిసెలు పంచాలి కదా, బుట్టనిండా తెచ్చింది. పాపను నడిపించి, వాకిట్లో అందరికీ పంచి, మా వంటింట్లో కత్తిపీట ముందర కూర్చుని చిక్కుడుకాయలు తరుగుతోంది. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను. ఆటాడి వచ్చిన పాపను చూసి అమ్మ కత్తిపీట పక్కకు జరిపి చేతులు చాచింది.

"రా నా తల్లే, రా నా బంగారు కొండా! అవ్వ కాడికి రా!"

పాప గడప దాకా వచ్చింది. ఆగింది. అమ్మకేసి చూసి నవ్వింది. తర్వాత నా వైపు వీపు తిప్పి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"ఏమే, పిలస్తా ఉంటే వీపు సూపిస్తాది?" అంది అమ్మ.

నా చేతిలో చేట ఆగిపోయింది. "నాడాలు విప్పమంటోంది" అన్నాను.

"ఈ సలిలో ఏంటికే బట్టలు ఇప్పేది?"

చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే వినబుద్ధి కాలేదు. అమ్మ చాచిన చేతులు దించలేదు. "ఇట్లే రా నాయనా" అని ఎంత పిలిచినా పాప కదలదు. చేతులు నొప్పి పుట్టాయేమో, ముఖం ఎర్రగా చేసుకుని ఏడుపు మొదలుపెట్టింది కానీ గడప దాటదు. సొంత ఇంట్లో, సొంత అవ్వ ఒళ్ళోకి పోవడానికి నా బిడ్డ బట్టలు విప్పమని ఏడుస్తోంది!

అమ్మే లేచి వచ్చి గౌనుతో సహా ఎత్తుకుంది. "ఏడాది బిడ్డకు అప్పుడే నేర్పేసినారా?" అంది. ఎవరు నేర్పారని అడగలేదు. అడిగి ఉంటే ఆమెతో పోట్లాడేదాన్నే. ఇల్లు నిలుపుకోవడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ నిమిషంలో నాకు ఆ ఇంటి మీద ఆశ చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున పాపకు ఉతికిన గౌను తొడిగి, నాడాలు రెండేసి ముళ్ళు వేసి వదిలాను. అది ఎప్పటిలాగే వాకిలి దాటి, ఆ గడప దగ్గర ఆగి, వీపు తిప్పింది. నేను తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"టీచరమ్మా, బిడ్డ నిలబడుకోనుంది" అని లోపలినుంచి అమ్మగారు.

"చూస్తూనే ఉన్నానమ్మగారూ. ఇక విప్పను. ఎత్తుకుంటే అట్లే ఎత్తుకోండి, లేకుంటే లేదు."

ఆమె గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది నీకు? మధ్యాహ్నాలు ఎత్తుకోలేదా నేను? ఈ భుజం మీద నిద్రపోలేదా ఇది?"

"ఎత్తుకున్నారు. నా కంటే బాగా చూసుకున్నారు. ఆ రుణం కాదనను. కానీ నిన్న మా అమ్మ పిలిస్తే కూడా ఇది బట్ట విప్పమని నిలబడింది. మీ మడి మీది, వద్దనడానికి నేనెవరిని? తలుపు మూసుకోండి, నేనేమీ అనుకోను. నా బిడ్డ మాత్రం తన ఒంటిమీది బట్టను చూసి తనే వెనక్కి తగ్గకూడదు."

ఆమె చాలాసేపు పాప వీపు వైపే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం జాలి లేదా? ఉంది. అయినా కదల్లేదు. ఆమె మెల్లగా తలుపు దగ్గరికి వేసింది. చప్పుడు విని పాప ఇటు తిరిగి, మూసిన తలుపును రెండు అరచేతులతో తట్టడం మొదలుపెట్టింది. నేను పోయి ఎత్తుకుంటే కాళ్ళతో తన్ని, నా చెంప గీరింది.

ఇల్లు ఖాళీ చేయమని ఆ తర్వాత ఎవరూ అనలేదు. అయినా రోజూ పొద్దున్నే ఆ తలుపు చప్పుడు ఆమె లోపల, నేను బయట ఎన్నాళ్ళు వింటాం? ఊరికి దూరంగా, చంద్రగిరి రోడ్డు వైపు ఒక ఇల్లు చూసుకున్నాం. కుళాయి లేదు, వీధిలో చేతి బోరింగే. బడికి బస్సులో పోవాలి. అమ్మ ఆవుల్ని తమ్ముడికి అప్పజెప్పి, "నీ నోటితో నువ్వు ఎట్లాగూ యాడా నిలవలేవు, నేనన్నా ఉంటాను" అని వచ్చేసింది. బయల్దేరే రోజు అమ్మగారు మామూలు చీర కట్టుకుని వచ్చి పాపను ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. నాతో మాట్లాడలేదు. నేనే వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాను.

కొత్త ఇంట్లోనూ పాప నా వంటింటి గడప దగ్గర వీపు తిప్పేది. ప్రతిసారీ పోయి, ఉన్నపళంగా ఎత్తుకుని లోపలికి తెచ్చేదాన్ని. "ఇట్లే రావాల, ఇట్లే" అని చెవిలో చెప్పేదాన్ని. దానికేం అర్థమవుతుంది? మళ్ళీ అదే. మా ఆయన దాన్ని చూసి ఇప్పుడు నవ్వేవాడు కాదు, లేచి బయటికి పోయేవాడు. నాకు రాత్రీ పగలూ ఒకటే దిగులు, ఇది ఇట్లాగే ఉండిపోతుందా అని.

ఒక సెలవురోజు నేను వంటింట్లో రుబ్బురోటి ముందు కూర్చున్నాను. మోచేతుల దాకా దోసెపిండి. బయట బోరింగు దగ్గర బురదలో పాప పడినట్టుంది. చూసినవాళ్ళెవరూ లేరేమో, ఏడుపు వినిపించలేదు. లేచి వచ్చింది. గౌను మెడనుంచి అంచుదాకా బురదే, నీళ్ళు కారుతున్నాయి. గడప దగ్గరికి వచ్చి ఆగింది. చేతినిండా పిండి, లేచి ఎత్తుకునే వీలు లేదు. పొత్రం పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయాను.

పాప ద్వారబంధం పట్టుకుంది. ఒక కాలు ఇవతల వేసింది. రెండోది కూడా వేసింది. చేతులెత్తలేదు, వీపు తిప్పలేదు. తడబడుతూ నేరుగా వచ్చి, ఆ బురదంతా నా మెడకు, జుట్టుకు పూస్తూ నా మీద పడిపోయింది.

నేను గట్టిగా ఏడ్చేశాను. ఆ ఏడుపుకు అమ్మ పరుగెత్తుకొచ్చి, "ఓసి నీ దుంప తెగ! పిల్లంతా బురద గదే, కడగద్దా?" అంది.

"దాన్ని ముట్టుకోవద్దు, నువ్వు పో" అన్నాను.

పిండిలోనూ బురద పడే ఉంటుంది. నేను చూడలేదు. ఆ పూట ఆ పిండితోనే దోసెలు పోశాను, అందరం తిన్నాం.