అద్దాల పెట్టె పంపకం

2023 జూన్ 18, ఆదివారం. డోన్. హాజరైనవాళ్లు: ఫోటో స్టూడియో నడిపే అన్నదమ్ములు మద్దిలేటి, రంగస్వామి, వాళ్ల తల్లి ఈరమ్మ, నందికొట్కూరు నుంచి వచ్చిన మేనమామ సుంకన్న, పక్కన బట్టల కొట్టున్న ఖాసీం సాబ్, నేను. విషయం: పంపకం.

ఆనాటి నా డైరీ ఇలా మొదలవుతుంది. కర్నూలులో చాలా ఏళ్లు కంప్యూటర్లు బిగించే, బాగుచేసే కొట్టు నడిపాను. పొలం పంచుకునేటప్పుడు సర్వేయరును పిలుస్తారు, నగలు పంచుకునేటప్పుడు కంసాలిని పిలుస్తారు. కంప్యూటర్ పంచడానికి నన్ను పిలవడం అదే మొదటిసారి. మరుసటి ఏడు కొట్టు మూసేశాను కాబట్టి చివరిసారి కూడా అదే.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కంప్యూటర్ భాగాలన్నీ బిగించే రేకు పెట్టెను మేం క్యాబినెట్ అంటాం. కొనేవాళ్లు దాన్నే సీపీయూ అంటారు. లోపలి భాగాలు పనిచేస్తున్నంతసేపూ వేడిని కక్కుతుంటాయి. చల్లగాలి ముందు నుంచి రావాలి, వేడిగాలి వెనక నుంచో పైనుంచో పోవాలి. దీన్ని ఎయిర్‌ఫ్లో అంటారు. ఆ దారికి వైర్లు అడ్డం పడకుండా, ప్రధాన సర్క్యూట్ పలక అయిన మదర్‌బోర్డ్ బిగించే రేకు వెనకగా తిప్పి పట్టీలతో కట్టడం కేబుల్ మేనేజ్‌మెంట్. బెంగళూరులో ఈ రెండిట్లో కొంచెం అశ్రద్ధ చేసినా నడిచిపోతుంది. డోన్‌లో నడవదు. ఎండ ఒకటి, నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ల నుంచి లేచే తెల్లటి పొడి మరొకటి.

అంతకుముందు ఏడాది వానాకాలంలో అన్నదమ్ములిద్దరూ నా కొట్టుకు వచ్చారు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడానికి కొత్త మిషన్ కావాలన్నారు. మద్దిలేటి ఫోటోలు తీస్తాడు, పార్టీలతో మాట్లాడతాడు. రంగస్వామి లోపల కూర్చుని ఎడిటింగ్ చేస్తాడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కుల దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. పెట్టె దగ్గరే వచ్చింది.

రంగస్వామి ముందువైపంతా జాలీ ఉన్న నల్ల క్యాబినెట్‌ను పట్టుకున్నాడు. మద్దిలేటి దాన్ని వేలితో తట్టాడు.

"ఇదేందిరా, కోళ్లగూడు మాదిరుండాది."

"గాలి పోవాలంటే జాలీ ఉండాలన్నా."

"గాలికి పైన ఫ్యానుండాది కదా. ఈడ సూడు, పెట్టె అంటే ఇదీ." ముందూ పక్కా అద్దాలతో, రంగులు మారే లైట్ల ఫ్యాన్లతో ఉన్న క్యాబినెట్ అది. "పెండ్లోళ్లు వచ్చి యాడ కూర్చుంటారు? దీని ముందర. వాళ్ల కండ్లకు ఏం కనపడాల? కోళ్లగూడా?"

"వాళ్లు గంట కూర్చోని పోతారు. దినమంతా దాని పక్కన ఉండేది నేను."

"నీకు మెత్తటి కుర్చీ కొనిస్తా లేరా."

నాకూ నవ్వు వచ్చింది. రంగస్వామి నవ్వలేదు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఆ అద్దాల పెట్టెలో ముందు అద్దానికీ రేకుకూ మధ్య వేలు దూరేంత సందు మాత్రమే ఉంది, మూడు ఫ్యాన్లూ ఆ సందులోంచే గాలి పీల్చాలి, ఎడిటింగ్ మిషన్‌కు ఎండాకాలంలో అది చాలదు అన్నాను. మద్దిలేటి మర్యాదగానే విన్నాడు.

"సార్, మీరు బిగించేటోళ్లు. మీ మాట కాదనను. కానీ మా పార్టీల సంగతి మీకు తెలీదు. ఎడిటింగ్ ఎవురు సూస్తారు సార్? ముందు పెట్టెను సూస్తారు."

అతను తెలివితక్కువవాడేం కాదు. ఆ పెట్టె స్టూడియోలో వెలగడం మొదలయ్యాక ప్యాపిలి నుంచి, బేతంచెర్ల నుంచి కూడా పెళ్లివాళ్లు వచ్చారు. ఆ సంగతి దాచి రాస్తే అన్యాయం.

అమ్మినవాడిగా నా చేతనైనంత చేశాను. ఒక్క వైరు కూడా గాలి దారిలో లేకుండా వెనక్కి లాగి, వెల్క్రో పట్టీలతో కట్టాను. ఎప్పటికప్పుడు కడుక్కోమని కింద దుమ్ము పట్టే వల పెట్టాను. నా చేత్తో అంత శుభ్రంగా బిగించిన మిషన్లు తక్కువ.

ఎండలు ముదిరాక ఒకసారి డోన్‌లో వేరే పని ఉండి స్టూడియోకు వెళ్లాను. ముందు గదిలో, పార్టీలు కూర్చునే సోఫాకు ఎదురుగా మిషన్ పెట్టారు. పక్క అద్దం మీద చేయి వేశాను, ఉంచలేక తీసేశాను. ప్రాసెసర్‌కు ఒక గుణం ఉంది. వేడి హద్దు దాటితే తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. ఎడిట్ చేసిన ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా తయారుచేయడాన్ని రెండరింగ్ అంటారు. వేడెక్కేది ఆ పని జరిగేటప్పుడే.

అద్దం బిగించే స్క్రూల రంధ్రాలు చూస్తే ఇంటి సంగతి తెలిసిపోయింది. గాట్లు పూర్తిగా అరిగిపోయాయి. ఏళ్ల తరబడి వాడినా అంత అరగవు. రెండరింగ్ పెట్టినప్పుడల్లా రంగస్వామి పక్క అద్దం విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాడు. పార్టీ వచ్చే వేళకు మద్దిలేటి ఫ్యాన్ తీసి అద్దం బిగించేవాడు. నోరు తెరిచి ఒకరినొకరు ఏమీ అనుకోలేదట. పోట్లాటంతా స్క్రూడ్రైవర్‌తోనే జరిగింది.

"ముందు అద్దం ఒక్కటీ తీసేయండి, సగం తిప్పలు పోతాయి," అన్నాను.

"అద్దం తీసేస్తే దాంట్లో ఇంగేముండాది సార్?" అన్నాడు మద్దిలేటి.

మే నెలలో ఒకరోజు అతని నుంచి ఫోన్. పక్కన ఎవరో గట్టిగా అరుస్తున్నారు. రిసెప్షన్‌లో తెర మీద వేయాల్సిన పెళ్లి వీడియో తయారు కాలేదు. రెండరింగ్ సగంలో మిషన్ ఆగిపోయింది, మళ్లీ పెడితే మళ్లీ ఆగింది.

"సార్, ఒక్క మాట చెప్పండి. మిషన్‌లో ఏమన్నా లోపముండాదా?"

"మిషన్ బాగుంది. పెట్టెలోనే గాలి ఆడటం లేదు. అద్దాలు తీసి..."

"సరే సార్," అని పెట్టేశాడు.

ఆ ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు తెలియదు. 'మిషన్ బాగుంది' అనే మాట వరకు పెళ్లివాళ్లు విన్నారు. అక్కడ మద్దిలేటి స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. తర్వాత వాళ్లతో, "ఇన్నారు కదా, మిషన్ బాగుండాది. మా తమ్మునికే పని రాదు, ఏం జేయమంటారు," అన్నాడు. రంగస్వామి పక్కనే ఉన్నాడు. కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు, మళ్లీ స్టూడియో మెట్లు ఎక్కలేదు. ఇదంతా జూన్‌లో ఆ ఆదివారం ఉదయం ఖాసీం సాబ్ తన కొట్టు ముందు నన్ను ఆపి చెప్తే తెలిసింది.

పంపకం నేను వెళ్లేసరికి దాదాపు అయిపోయింది. స్టూడియో, దాని పేరు, కెమెరాలు అన్నకు. కంప్యూటర్ తమ్ముడికి. దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పుడు మద్దిలేటి అన్నాడు: "మిషన్ తీసుకోని. పెట్టె మాత్రం నాది."

సుంకన్న తల మీది టవల్ తీసి ఒళ్లో వేసుకున్నాడు. "ఇదేమన్నా సంగటి కుండ అనుకున్యావారా, సంగటి వానికేసి కుండ నాదనేదానికి? ఏమప్పా, పెట్టె ల్యాకుండా అది నడుస్తాదా?"

"నడుస్తుంది," అన్నాను. అది నిజం.

"ఇచ్చేయ్ మామా," అన్నాడు రంగస్వామి. "ఆ పెట్టె నాకొద్దు. నేనడిగేది ఒకటే. పార్టీల ముందర నాకు పని రాదన్న్యాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. ఇప్పుడు నన్ను నమ్మి ఎవురూ పెండ్లి క్యాసెట్టు ఇయ్యడం ల్యా. నీ ముందర, ఖాసీం అన్న ముందర తప్పు నాది కాదని చెప్పమను. నాకది చాలు."

అందరూ నా వైపు చూశారు. నేను చెప్పాను: "గాలి ఆడక ఆగింది. రంగస్వామి పనిలో తప్పు లేదు."

"ఆ పొద్దు మిషన్ బాగుండాదన్నారు కదా సార్," అన్నాడు మద్దిలేటి.

"వెంటనే రెండో మాట కూడా అన్నాను."

"నాకు ఇనపడలేదు."

మూలన స్టూలు మీద కూర్చున్న ఈరమ్మ లేచి నిలబడింది. "ఇప్పుడిన్యావు కదరా," అంది. "చెప్పు. నీ సొమ్మేం పోతాది?"

మద్దిలేటి తల్లిని చూశాడు, తమ్ముణ్ని చూశాడు. తర్వాత నాతో, "ఊడదీయండి సార్, పొద్దు పోతాండాది," అన్నాడు.

నేల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాను. కింది వల తెల్లటి పొడితో రొట్టెలా గట్టిపడింది. నేను కట్టిన వెల్క్రో పట్టీలు కట్టినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పాను. మదర్‌బోర్డ్, కార్డు, డిస్కులు తీసి రంగస్వామి తెచ్చిన బుట్టలో పెట్టాను. ఇక మిగిలింది అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. అది విప్పబోతుంటే సుంకన్న ఆపాడు.

"అది బాగుండాదని ఈడనే చూపించప్పా. రేపు పోయినాదంటే మళ్లా నన్నే పిలుస్తారు."

మదర్‌బోర్డ్ లేకుండా ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. దాని పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ నల్ల తీగ రంధ్రాన్నీ చిన్న పేపర్ క్లిప్పుతో కలిపితే చాలు, లేస్తుంది. కలిపి స్విచ్ వేశాను. ఫ్యాన్లు ఇంకా దానికే కలిసి ఉన్నాయి. మూడు ఫ్యాన్లూ తిరిగాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఎప్పటిలాగే ఒకదాని వెంట ఒకటి వెలిగాయి.

"లోపల ఏమీ ల్యాకున్నా వెలుగుతాండాదే," అంది ఈరమ్మ.

మద్దిలేటి ముందుకు వంగాడు. "యా తీగకు యా తీగ సార్? ఇంగోసారి చూపించండి." తెలుసుకోవాలని అడుగుతున్నాడనుకుని మళ్లీ చూపించాను. తర్వాత ఎస్‌ఎంపీఎస్ విప్పి బుట్టలో వేశాను. ఖాళీ పెట్టెను మద్దిలేటి పంచె చెంగుతో తుడిచి గోడ పక్కన పెట్టుకున్నాడు.

సాయంత్రం రంగస్వామి ఇంట్లో ఒక ప్లైవుడ్ పలక మీద భాగాలన్నీ బిగించాను. వాటికి పెట్టె లేదు, అద్దం లేదు. పక్కన అదే టేబుల్ ఫ్యాన్. అతను పాత పెళ్లి వీడియో ఒకటి రెండరింగ్ పెట్టాడు. మిషన్ ఎక్కడా వేగం తగ్గలేదు, ఆగలేదు. మే నెలలో రెండుసార్లు ఆగిపోయింది ఆ వీడియోనే.

"సూసినారా సార్," అన్నాడు. "సూసినోళ్లు మీరొక్కరే."

కర్నూలు వెళ్లగానే జాలీ ఉన్న క్యాబినెట్ ఒకటి పంపిస్తానన్నాను.

"ఎవురికి చూపిద్దామని సార్?" అన్నాడు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

ఇన్నేళ్లు ఈ పని చేసి, క్యాబినెట్ కొనేవాళ్లకు గాలి దారి చూడమనే చెప్పాను. ఈ కేసు తర్వాత ముందుగా ఇంకొకటి అడగడం నేర్చుకున్నాను: దీన్ని ఎంచుకుంటున్నది ఎవరు, దీని పక్కన కూర్చుని పనిచేసేది ఎవరు? ఆ ఇద్దరూ ఒక్కరే అయినచోట మిషన్ ఎక్కువ రోజులు బతికింది. వేరైనచోట వేడి ఎప్పుడూ ఒక్కరికే తగిలింది. కొట్టు మూసే వరకు ప్రతివాణ్నీ ఇది అడిగాను. చాలామంది బదులు చెప్పకుండా, లైట్లు ఎన్ని రంగులు మారుతాయని అడిగారు.

మరుసటి ఉదయం రైలు కోసం స్టేషన్‌కు నడుస్తుంటే దారిలో స్టూడియో తెరిచి ఉంది. సోఫాలో ఎవరో పెళ్లివారు కూర్చుని ఆల్బమ్‌లు తిరగేస్తున్నారు. వాళ్ల ఎదురుగా బల్ల మీద ఆ అద్దాల పెట్టె వెలుగుతోంది. దాని వెనక, అటక మీంచి దించినట్టుంది, దుమ్ము పట్టిన పాత ఎస్‌ఎంపీఎస్ ఒకటి పెట్టారు. దాని ప్లగ్గులో పేపర్ క్లిప్పు ఉంది. లోపల ఏముండాలో తెలియనివాళ్లకు లైట్ల వెనక నల్లటి ఖాళీ కూడా ఏదో పెద్ద యంత్రంలాగే కనిపిస్తుంది.

"రాండి సార్, టీ తాగి పోదురు," అన్నాడు మద్దిలేటి.

పెళ్లికొడుకు తండ్రి పెట్టెను చూపించి, "ఎడిటింగంతా దీంట్లోనే చేస్తారా?" అని అడిగాడు.

"దీంట్లోనే, ఈడనే."

"దాంట్లో ఏమీ లేదు," అన్నాను నేను.

ఆయన ఒక క్షణం నన్ను చూశాడు. మద్దిలేటి నవ్వాడు. "మా సారు శానా తమాషా మనిషి. ఈ మిషన్ బిగించింది ఆయప్పనే." పెళ్లివారందరూ నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి అడ్వాన్సు తీయడానికి జేబులో చేయి పెట్టాడు.

వెళ్లిపోతూ పక్క అద్దం మీద చేయి వేశాను. చల్లగా ఉంది.