వెయ్యి కిలోమీటర్ల కొసరు

విమానం టిక్కెట్టును కిలోమీటరు ధర కట్టి కొన్న మొనగాడిని నరసరావుపేట మొత్తానికి నేనొక్కడినే. ఈ ఘనతలో వాటా అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.

గౌహతిలో ఉంటున్న మా చెల్లెలి కొడుక్కి అన్నప్రాసన. మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. ముహూర్తం పన్నెండు లోపల. హైదరాబాదు నుంచి తిన్నగా పోయే విమానం తొమ్మిదికల్లా దించుతుంది. దూరం పదిహేడొందల కిలోమీటర్లు. ఢిల్లీ మీదుగా పోతే ఇరవై ఏడొందలు. పైగా ఇద్దరికీ కలిపి పదిహేనొందల రూపాయలు తక్కువ. బట్టల కొట్లో పెరిగినవాడిని. తక్కువ డబ్బుకు ఎక్కువ గుడ్డ వస్తుంటే వద్దనే నోరు మా వంశంలో లేదు. ఏకంగా వెయ్యి కిలోమీటర్లు కొసరు.

"మనం పోయేది గౌహతి. ఢిల్లీని ఏం చేసుకుంటాం?" అంది మా ఆవిడ.

"ఊరికే వస్తంటే వదులుకుంటామా?"

"అయితే మాచర్ల కూడా తిప్పుతారేమో కనుక్కోండి."

ఐదున్నరకు ఎక్కితే ఒంటిగంటకు దిగుతామని టిక్కెట్టు మీదే ఉంది. నేను నమ్మలేదు. చీర మీద అంటించిన ధరను ఏనాడన్నా నమ్మామా? అది బేరం మొదలుపెట్టడానికి వేసే అంకె. సొంతంగా లెక్కకట్టాను. విమానం గంటకు ఎనిమిదొందలు పోతుంది. ఇరవై ఏడొందలకు మూడున్నర గంటలు. ఢిల్లీలో జనం దిగి ఎక్కడానికి, మన పిడుగురాళ్ల బస్టాండులో లాగా, ఓ అరగంట. తొమ్మిదిన్నరకు గౌహతి. చెల్లెలికి అదే చెప్పాను.

ఢిల్లీలో దిగాక తెలిసింది, అక్కణ్ణుంచి వేరే విమానం ఎక్కాలని, అది పదిన్నర దాకా కదలదని. ముందు బండి ఏదన్నా ఉంటే చూడమని, ఒక మాట అనుకుందామని, వచ్చీరాని హిందీలో కౌంటరు అమ్మాయిని బతిమాలాను. ఆమె నా టిక్కెట్టు మీద ఒంటిగంట అని ఉన్నచోట వేలు పెట్టింది. చదువు రాదనుకుందేమో, గట్టిగా చదివి వినిపించింది కూడా.

చెల్లెలికి ఫోను చేశాను.

"ఏడున్నావన్నయ్యా?"

"ఢిల్లీలో."

"ఢిల్లీలో నీకేం పనిరా?"

"ముహూర్తం కాస్త సర్దమని పంతులుగారిని అడగమ్మా" అన్నాను.

"ఆయనేమన్నా చీరలమ్ముతున్నాడా, సర్దటానికి? పై వాటాలో బీహారాయన నన్ను చెల్లీ అని పిలుస్తాడు. ఆయన్ని కూర్చోబెడతన్నా. నువ్వు మెల్లగా రా."

మేం చేరేసరికి రెండు దాటింది. పీటలు ఎత్తేశారు.

ఇక బిల్లు. టిక్కెట్లలో మిగిలింది పదిహేనొందలు. ఢిల్లీలో రెండు దోసెలకు, రెండు కాఫీలకు పదకొండొందలు. గౌహతిలో తొందరగా పోనిమ్మని టాక్సీకి ఎక్కువిచ్చింది తొమ్మిదొందలు. నికరంగా నష్టం ఐదొందలు. మొదటి ముద్ద బీహారాయన పెట్టాడు. రెండోది నేను పెట్టాను. నా మేనల్లుడు ఉమ్మేశాడు.