ఒక్కటీ చావని టమాటా మొలకలు

ఎనభైల చివర్లో నేను వరంగల్‌లో పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. టమాటా ఆకుముక్కల్లోకి కొత్త జన్యువు ఎక్కించి, మందు కలిపిన జెల్లీ మీద పెంచేవాళ్లం. జన్యువు ఎక్కని మొలకలు ఆ మందుకు తెల్లబడి చస్తాయి, ఎక్కినవి పచ్చగా బతుకుతాయి. మామూలుగా వందలో ఏ ఒకటో రెండో బతికితే గొప్ప.

పరకాల నుంచి వచ్చే నా సహాధ్యాయి సరోజన మొలకలన్నీ చచ్చాయి. నావన్నీ బతికాయి. ప్రొఫెసర్‌గారు పొంగిపోయి అందరినీ పిలిచి నాకు శాలువా కప్పారు.

"నీ చేత్ల గడ్డి గూడ మొలవదు గదమ్మా! జర ఈయన్ని చూసి నేర్చుకో," అన్నారామెతో.

సరోజన నా సీసాలన్నీ తిప్పి చూసింది. "ఒక్కటన్న చావలేదేందన్నా? మందుకు గూడ నువ్వంటే భయమా?"

అప్పుడు వెలిగింది. నా వంతు మందు సీలు కూడా తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉంది. కలపడమే మరిచాను!

చెబుదామని నోరు తెరిచాను. సార్ అందులో మైసూర్‌పాక్ పెట్టారు. నమిలి మింగాను, నిజంతో సహా.

ఆ ఏడే సరోజన పరిశోధన మానేసింది. నేను డాక్టరునయ్యాను. ఇప్పటికీ పిల్లలకు ప్రయోగాల్లో నిజాయితీ గురించి గంటసేపు చెబుతాను, సిగ్గులేకుండా.

సరోజనా, ఆ రోజు ఆ గదిలో ప్రయోగం చేసింది నువ్వొక్కదానివే.