కోచ్ మావ, నా దొంగ విజిల్

మా కోచ్ మావ పోయాడు. మీకు ఆయన తెలియదు, నేనూ తెలియదు, కాబట్టి మీరు నమ్ముతారు. మమ్మల్నిద్దర్నీ తెలిసినవాళ్లు మాత్రం నమ్మలేదు. ఆయన పోలేడని కాదు, చెప్పింది నేను కాబట్టి.

ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. మల్కాపురంలో మా లైనుకి చివరి ఇల్లు. అసలు పేరు పెన్షనుకే పనికొచ్చేది, మా అందరికీ కోచ్ మావే. డ్యూటీ దిగి, ఒంటి మీద గ్రీజు కడుక్కోకుండానే మట్టి గ్రౌండుకి వచ్చి మా ఈడు కుర్రాళ్లకి ఫుట్‌బాల్ నేర్పాడు. నేర్చుకున్నవాళ్లలో కొందరికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలొచ్చాయి. నాకు బెంచీ వచ్చింది. బళ్లోనూ ఎనిమిదో క్లాసు బెంచీ దగ్గరే ఆగిపోయాను. కూర్చున్నవాడికి కాళ్లతో పనేముంది, నోరు పెరిగింది. ఇప్పుడు కంచరపాలెంలో గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తాను. మంట తగ్గించడం వృత్తి, పెట్టడం అలవాటు.

మావ గ్రౌండులో ఒకటే చట్టం. చివరి విజిల్ పడ్డాక చెయ్యి కలపకుండా ఎవడూ గీత దాటకూడదు. అవతలివాళ్లతోనే కాదు, మనవాళ్లలో మనకీ అంతే. ఒకసారి మా గోలీ, అదే గోల్‌కీపరు, కాళ్ల సందులోంచి బంతి వదిలేసి మమ్మల్ని ఓడించాడు. వాడికి నేను చెయ్యివ్వనని మొండికేశాను. మావ నా మణికట్టు పట్టుకుని వాడి దాకా లాక్కెళ్లాడు. "వదిలీడం ఆడి పని అయిపోనాది. సెయ్యియ్యడం నీ పని, ఇంకా అవలేదు" అన్నాడు.

పోయిన సీజనులో మన దేశం నుంచి ఒక క్లబ్బు ఆసియా దేశాల క్లబ్బుల పోటీకి వెళ్లింది. ఒక్కో దేశంలో గెలిచిన క్లబ్బులు, మన గ్రౌండులో ఒకసారి వాళ్ల గ్రౌండులో ఒకసారి ఆడుకుంటూ, నెలల తరబడి వడపోసుకునే పోటీ అది. మోకాళ్లు అరిగిపోయి గ్రౌండుకి రాలేకపోతున్న మావకి ఆ సీజనే గ్రౌండైంది. మ్యాచ్ ఉన్న సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. అత్త ఆట మొదలవగానే టీ తెచ్చి పెట్టేది. ఆయన దాని మీద సాసరు బోర్లించి, సగం ఆట అయ్యేదాకా ముట్టేవాడు కాదు. చల్లారిన టీ తాగడం ఏం సరదా మావా అంటే, ఆడేవాళ్లు తాగకుండా మనం తాగితే గొంతు దిగదనేవాడు.

పరదేశపు క్లబ్బు ఏదొచ్చినా ఆయనకి చుట్టమే. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఓడలు దిగిన సీమెన్లు పోర్టు కుర్రాళ్లతో ఆడేవారట. అందుకే దేశాల పేర్లు వింటే మనకి మ్యాపు గుర్తొస్తుంది, ఆయనకి కాళ్లు గుర్తొచ్చేవి. మాల్దీవుల వాళ్లు చిన్న జాగాలోనే గిర్రున తిరుగుతారు, పట్టుకోలేం అనేవాడు. రష్యా పక్క నుంచి వచ్చేవాళ్లది భుజం బలం అనేవాడు. మా రోజుల్లో దేశాలే ఓడెక్కి మన దగ్గరికొచ్చేవి, ఇప్పుడు మనోళ్లు విమానమెక్కి వాళ్ల దగ్గరికి ఎల్తన్నారు, ఎదిగాం కదరా అని మురిసిపోయేవాడు. మనవాళ్లు పరాయి ఊళ్లో ఓడితే నేను టీవీని తిట్టేవాణ్ణి. ఆయన మాత్రం, "సొంత గ్రౌండులో కాలు ఆడతాది, పరాయి గ్రౌండులో గుండె ఆడాల" అనేవాడు.

ఆయనకి ఉన్న లోటు ఒక్కటే. ఆ గదిలో ఎప్పుడూ నేనూ, అత్తా, ఆయనే. మిగతా టీమంతా షిఫ్టుల్లో ఉండేవారు. ఒకడు స్టీల్‌ప్లాంటులో, ఇద్దరు పోర్టులో, మా గోలీ అప్పలరాజు ఫిషింగ్ హార్బరు దగ్గర ఐస్ ప్లాంటులో. అవును, కాళ్ల సందులోంచి వదిలినవాడే.

"ఒక్క మ్యాచ్‌కైనా అందరూ వచ్చి కూకోండ్రా," అనేవాడు మావ. "రేపు నన్ను మోసీది మీరే కదా. అప్పుడొత్తే నాకేటి కనబడతారు."

మా టీములో అదొక కట్టు. ఆడినవాడు పోతే ఆడినవాళ్లే భుజం పట్టాలి. మా సెంటర్ ఫార్వర్డు పోయినప్పుడు ఆ మోకాళ్లతోనే మావ పాడె ముందు కొమ్ము మోశాడు.

రాలేనివాళ్లకి స్కోరు పంపమని ఫోన్ గ్రూపు నా చేతిలో పెట్టారు. కోతి చేతికి కొబ్బరికాయ. మనవాళ్లు తింటున్న గోల్స్‌ని కొట్టినట్టు రాసేవాణ్ణి. ఒకసారి గెలిచామని రాస్తే అప్పలరాజు ఐస్ ప్లాంటంతా మిఠాయి పంచాడు. మర్నాడు వాడు తిట్టిన తిట్లు మావకి చదివి వినిపిస్తే, నవ్వాపుకుంటూ తప్పురా అనేవాడు. ఆ నవ్వే నాకు పెన్షను.

ఫైనలుకి ముందు మెట్టు. అవతలివాళ్ల గ్రౌండులో ముందే ఓడి వచ్చాం, ఇక్కడ గెలిస్తేనే బతుకు. ఆట మొదలైన కాసేపటికే మనవాళ్లు గోలు తిన్నారు. మావ గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలాడు, ఎప్పుడూ వాలేవాడే. నా వేళ్లు ఊరుకోలేదు. "గోలు సూసి మావ పోనాడు, బేగి రండ్రా" అని గ్రూపులో కొట్టాను.

వచ్చారు. స్టీల్‌ప్లాంటు వాడు హెల్మెట్టుతో, పోర్టు వాళ్లు యూనిఫారాలతో, అప్పలరాజు గమ్‌బూట్లతో, వెనక బండి మీద ఏడుస్తున్న వాళ్లమ్మతో. గుమ్మంలో నిలబడి చూస్తే మావ సాసరు తీసి టీ తాగుతున్నాడు.

నాకు తన్నులు ఖాయం అనుకున్నాను. మావ ముఖం చూసి అందరూ ఆగిపోయారు. "అందరూ వచ్చినారే," అన్నాడు ఆయన, కళ్ల నిండా నీళ్లతో. "ఒసే, టీ పెట్టే. కూకోండ్రా, రెండో సగం ఉంది." సీజను మొత్తం కోరుకున్నది ఆయనకి ఆ సాయంత్రం నా అబద్ధం వల్ల దొరికింది. మనవాళ్లు ఓడిపోయారు. విజిల్ పడగానే ఆ ఇరుకు గదిలో అందరం వరసగా చేతులు కలుపుకున్నాం. అప్పలరాజు నా ముందు నుంచి చెయ్యివ్వకుండా వెళ్లిపోయాడు. దారంతా ఏడ్చి ఏడ్చి వాళ్లమ్మ ఇంకా దగ్గుతోంది.

అందరూ వెళ్లాక మావ నన్ను ఆపాడు. తిట్టలేదు. "విజిల్ ఒకడి దగ్గరే ఉండాల్రా. దొంగ విజిల్ ఊదీసినావంటే, రేపు నిజం విజిల్ ఎవుడు వింటాడు?" అన్నాడు. నేను ఇకిలించాను. "అప్పలరాజు సెయ్యి ఎప్పుడో వత్తాది. నీది ఎనక్కి తీసీకు" అని కూడా అన్నాడు.

కొత్త సీజను ఇంకా మొదలవలేదు. ఒక ఉదయం స్నానం చేసొచ్చి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయాడు. అత్త నన్నే పిలిచింది. "అందరికీ సెప్పరా, నీ దగ్గరే కదా నెంబర్లు" అంది.

గ్రూపులో పెట్టాను. నవ్వు బొమ్మలు వచ్చాయి. "స్కోరెంత బావా?" అన్నాడొకడు. "ఎక్స్‌ట్రా టైముందేటి?" అన్నాడు ఇంకొకడు. ఫోన్లు చేస్తే కట్ చేశారు. అప్పలరాజు ఎత్తాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాడు అంతా విని, "యాక్టింగు పెరిగినాది" అని పెట్టేశాడు.

విజయనగరం వైపు నుంచి వచ్చిన మావ చుట్టాలు పొద్దు వాలకుండా ఎత్తాలని తొందరపడుతున్నారు. నాకు వేరే దారి కనబడలేదు. అప్పలరాజుకి మళ్లీ ఫోన్ కలిపి, భర్త పక్కన కూర్చున్న అత్త దగ్గరికి వెళ్లి, ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసింది.

"అప్పలరాజూ, ఈసారి నిజమే నాయనా" అంది.

అప్పుడే భర్త పోయి, మెడలో తాళే బరువై కూర్చున్న మనిషి చేత నా మాటకి సాక్ష్యం చెప్పించాను. ఈ జన్మకి ఆ చూపు చాలు నాకు.

వాళ్లు వచ్చేలోపే పాడె లేచింది. చుట్టాలే మోశారు. దారిలో దింపుడు కళ్లం దగ్గర దించారు. ప్రాణం ఏ మూలైనా ఉంటే వింటుందని, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. పెద్దాయనెవరో, నువ్వు పిలువు బాబూ, నీకు చనువు కదా అని నన్ను ముందుకి తోశారు. వంగాను. బతికుండగా పోయాడని కేకేసిన నోటితో, పోయినవాణ్ణి లెమ్మని పిలవాలి. ఊళ్లో అందరి గొంతులూ అనుకరించే నాకు నా గొంతు దొరకలేదు.

అప్పుడే బళ్లు వచ్చి ఆగాయి. అప్పలరాజు గమ్‌బూట్లు రోడ్డు పక్కన విడిచి, నన్ను పక్కకి జరిపి వంగాడు. "మావా, అందరం వచ్చినాం మావా" అన్నాడు. మూడుసార్లూ అదే మాట. తర్వాత నాలుగు కొమ్ములూ వాళ్లే పట్టారు. అక్కడా నాది బెంచీయే. వెనకాల నడిచాను.

అంతా అయ్యాక శ్మశానం కుళాయి దగ్గర తలో చెంబుడు నీళ్లు పోసుకున్నారు. నేను గేటు వైపు నడవబోతూ వెనక్కి చూశాను. ఎవరూ చెప్పకుండానే వరస కట్టి నిలబడ్డారు, మ్యాచ్ అయ్యాక నిలబడినట్టు. ఒక్కొక్కరే నా ముఖం చూడకుండా చెయ్యి కలిపి ముందుకి జరిగారు.

చివర అప్పలరాజు. చాలాసేపు నేలకేసి చూశాడు. నా చెయ్యి చాపే ఉంది. వాడు పట్టుకున్నాడు. ఐస్ దిమ్మలు మోసి మోసి, అంత మంట దగ్గర నిలబడి కూడా వేడెక్కని చెయ్యి. ఎప్పుడు వదలాలో ఇద్దరికీ తెలియలేదు. విజిల్ ఊదేవాడు లేడు.